కొలువులోకి ఈ ఏటి కొత్త బొమ్మలు: పాతవాటి పక్కన ఏవి ఇముడుతాయి?

పెన్నగట్టు (నెల్లూరు), సెప్టెంబరు 4

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు రంగనాయకులపేట. మా ఇంట్లో బొమ్మల కొలువు సంక్రాంతికి. భోగి నాడు తీర్చి ముక్కనుమ నాడు ఎత్తుతాం. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చిన బొమ్మలు ఒకప్పుడు 61 ఉండేవి.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మా కింది గదిలోకి నీళ్ళొచ్చాయి. బొమ్మల రేకు పెట్టె రెండు రోజులు నీళ్ళలోనే ఉండిపోయింది. మేము మేడమీద పిల్లల్ని, గ్యాస్ బండను, బియ్యాన్ని చూసుకుంటూ పెట్టె సంగతే మరిచిపోయాం. తెరిచేసరికి కాల్చిన మట్టివి రంగు పోయినా నిలబడ్డాయి. కాగితం గుజ్జువి ముద్దయిపోయాయి. ప్లాస్టర్‌వి చేత్తో పట్టుకుంటే పొడి రాలింది. మొత్తం మీద 38 మిగిలాయి.

ఎక్కువ బాధ పెళ్ళి ఊరేగింపు సెట్టు గురించి. పల్లకీ, నలుగురు బోయీలు, ముందు నాదస్వరం, డోలు, అటూ ఇటూ దివిటీలు పట్టుకున్న ఇద్దరు. అమ్మమ్మ పెళ్ళప్పుడు వాళ్ళ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. అందులో పల్లకీ, ముగ్గురు బోయీలు, నాదస్వరం ఊదే ఆయన మిగిలారు. డోలు ఆయన లేడు.

తర్వాతి నాలుగేళ్ళలో ఎగ్జిబిషన్లలో, తిరునాళ్ళలో కనిపించినవన్నీ కొన్నాను. 22 బొమ్మలు చేరాయి. మెట్లు నిండిపోయాయి. పోయిన సంక్రాంతికి అమ్మ కొలువు ముందు చాలాసేపు కూర్చుని, "ఇది అంగడి మాదిరి ఉంది తల్లీ, కొలువు మాదిరి లేదు" అంది. ఆ మాట ఎనిమిది నెలలుగా మనసులోనే ఉంది.

అందుకే ఈ ఏడు కొనే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. పోయిన సెట్టును మళ్ళీ నింపుకోవాలా, కొత్తది మొదలుపెట్టాలా? కొత్తవి పాతవాటి పక్కన ఎట్టా పెడితే కుదురుతాయి? ఇంకొకటి, రెండేళ్ళ క్రితం కొన్న కొండపల్లి తాటిచెట్టు బొమ్మ కింద సన్నటి పిండి కనపడుతోంది. అది ఏమిటి?

వెలిగొండ_నీడ (ఉదయగిరి), సెప్టెంబరు 4

అక్కా, మిగతావి తర్వాత. ముందు ఆ తాటిచెట్టు బొమ్మను ఇప్పుడే బీరువాలోంచి తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి గట్టిగా కట్టి, వేరే గదిలో పెట్టండి. అది చెక్క పురుగు. ఆ పిండి అది తిని వదిలిన పొట్టు.

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చెక్కడానికి ఎంత మెత్తగా ఉంటుందో, పురుగుకూ అంతే మెత్తన. చేసేవాళ్ళు కర్రను బాగా ఆరబెట్టి, రంపపు పొట్టు సెగ మీద తేమంతా పోయేదాకా కాస్తారు. ఆ పని సరిగ్గా జరిగితే పురుగు తొందరగా పట్టదు. మనం తెచ్చి తేమ గదిలో పెడితే మాత్రం ఎవరి పనితనమూ ఆపలేదు.

కవరులో ఒక నల్ల కాగితం పరిచి దాని మీద బొమ్మను నిలబెట్టండి. వారం తర్వాత కొత్త పిండి రాలిందా లేదా అన్నది తెల్లగా కనపడిపోతుంది. రాలితే హార్డ్‌వేర్ షాపులో చెక్క పురుగు మందు దొరుకుతుంది. సిరంజితో అడుగున ఉన్న రంధ్రాల్లోకి మాత్రమే ఎక్కించండి. రంగుకు తగలకూడదు. చేతులకు తొడుగు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఫ్రీజర్లో పెట్టమని కొందరు చెబుతారు. రంగు వెయ్యని వట్టి కర్ర వస్తువుకు సరే గానీ, కొండపల్లి బొమ్మకు నేను చెప్పను. కర్ర మీద చింతగింజల పిండి, పొట్టు కలిపిన మక్కు ఉంటుంది. దాని మీద సుద్ద, ఆ పైన రంగు. చలికి ఒక్కోటి ఒక్కో తీరుగా ముడుచుకుంటుంది. పెచ్చులు లేచే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. ఏ కొత్త చెక్క బొమ్మ కొన్నా నెల రోజులు పాతవాటితో కలపకండి. మా ఇంట్లో చెక్క గరిటెలకు కూడా అదే పద్ధతి.

సన్నజాజి_కావలి (కావలి), సెప్టెంబరు 5

అమ్మాయీ, చదివి కళ్ళు చెమర్చాయి. విరిగిన ముక్కలు పారెయ్యలేదు కదా? ఒక చేయి, ఒక తలపాగా మిగిలినా దాచు. కొత్తది చేయించాలంటే ఆ ముక్కే కొలత, ఆ ముక్కే రంగు.

మీ అమ్మ అన్న మాట మీద నాకు తోచింది చెబుతాను. నాకు అరవై ఎనిమిది. కొలువు తీర్చడం ఆరో ఏట నుంచి చూస్తున్నాను. కొలువు అంగడిలా కనపడటానికి కారణం చాలాసార్లు రంగు కాదు, ఎత్తు. నీ పాత బొమ్మలు జానెడు లోపే ఉంటాయి. ఇప్పుడు ఎగ్జిబిషన్లలో వచ్చే ప్లాస్టర్ బొమ్మలు మూరెడేసి. వాటి పక్కన పాత బోయీ చీమలాగా కనపడతాడు. స్కేలు తీసుకుని ఇంట్లో ఉన్న ప్రతి బొమ్మ ఎత్తూ రాసుకో. ఏ మెట్టుకు ఎంత ఎత్తు అన్నది తేలాక, ఆ చీటీ పర్సులో పెట్టుకుని బజారుకు వెళ్ళు. నచ్చిన బొమ్మ చీటీలో లెక్కకు రాకపోతే చేతులు జోడించి వచ్చెయ్.

మా పుట్టింట ఏడాదికి ఒక్క కొత్త బొమ్మే. ఆ ఒక్కటీ మొదటి ఏడు కలశం పక్కన కూర్చునేది. దానికి పసుపు కుంకుమ పెట్టి, పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ "ఇదీ ఈ ఏటి బొమ్మ" అని చూపించేవాళ్ళు. మరుసటి ఏడు తన మెట్టు మీదికి దిగేది. నువ్వు నాలుగేళ్ళలో 22 తెచ్చావు. వాటిలో ఒక్కదానికైనా అట్లా పరిచయం జరిగిందా తల్లీ?

పెన్నగట్టు, సెప్టెంబరు 5

లేదు పెద్దమ్మా. ఏది ఏ ఏడు కొన్నానో కూడా నాకు గుర్తు లేదు. ఖాళీ చూడలేక కొన్నాను, అంతే.

వెలిగొండ తమ్ముడూ, తాటిచెట్టు బొమ్మ కవరులో పెట్టాను. పక్కనే ఉన్న ఎద్దుల బండిని కూడా పెట్టాలా?

వెలిగొండ_నీడ, సెప్టెంబరు 5

పెట్టండి. వేరే కవరులో.

లక్కపిడత (సొంతూరు నెల్లూరు, ఉండేది చెన్నై), సెప్టెంబరు 7

అక్కా, మీ కొలువు సంక్రాంతికైనా బొమ్మలు మాత్రం దసరా ముందే కొనండి. మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి పక్కన ఉత్తర మాడ వీధి నిండా నవరాత్రికి ముందు బొమ్మలే. పన్రుట్టి, కాంచీపురం నుంచి, మదురై దగ్గర విళాచ్చేరి నుంచి మట్టి బొమ్మలు వస్తాయి. సంక్రాంతికి వెళితే ఆ వీధిలో ఏమీ ఉండదు. నెల్లూరు నుంచి పొద్దున్నే రైలు ఎక్కితే చూసుకుని రాత్రికి వెనక్కి రావచ్చు.

మీకు నీళ్ళ భయం ఉంది కాబట్టి కొనేటప్పుడు ఏ సరుకో చూసుకోండి. తిప్పి అడుగు చూడాలి. కాల్చిన మట్టి బొమ్మ లోపల డొల్ల, అడుగున ఎర్రగానో ఇటుక రంగులోనో కనపడుతుంది. గోటితో కొడితే కంగుమంటుంది. ప్లాస్టర్ అయితే అడుగు తెల్లగా, బరువుగా ఉంటుంది, గోటితో గీస్తే తెల్ల పొడి వస్తుంది. కాగితం గుజ్జు బొమ్మ చేతిలో పెట్టుకోగానే తేలిక తెలిసిపోతుంది. రైల్లో తేవడానికి కాగితం గుజ్జే సుఖం, కిందపడినా పగలదు. కానీ తడిస్తే పోయినట్టే.

నాదీ ఒక ప్రశ్న. నేను కొలువు బొమ్మలతో పాటు బార్బీలు కూడా పోగుచేస్తాను. మొత్తం 14. వాటికి వెంకటగిరి చీర ముక్కలతో లంగా వోణీలు నేనే కుడతాను. జరీ అంచు సన్నగా ఉండే ముక్క అయితేనే పదకొండున్నర అంగుళాల బొమ్మకు నప్పుతుంది. వీటిని కొలువులో పెట్టొచ్చా? మా అత్తగారు వద్దంటున్నారు.

పలక_బలపం (మార్కాపురం), సెప్టెంబరు 7

ముందు నాకు ఒకటి చెప్పండి. కొలువు సంక్రాంతికా, దసరాకా? మా ఇంట్లో దసరాకే. మా ఆవిడ ఒంగోలు అమ్మాయి, వాళ్ళది సంక్రాంతి. పెళ్ళయి రెండేళ్ళు, రెండుసార్లూ పెడుతున్నాం.

సన్నజాజి_కావలి, సెప్టెంబరు 7

రెండూ ఉన్నాయి నాయనా. కోస్తాలో ఎక్కువ ఇళ్ళలో సంక్రాంతి, దక్షిణానికి వెళ్ళేకొద్దీ దసరా. మా నెల్లూరు సీమ మధ్యలో ఉంది కాబట్టి ఒకే వీధిలో రెండూ చూస్తాం. ఎవరింటి ఆనవాయితీ వాళ్ళది. రెండుసార్లు పెట్టడం మీ పిల్లలకు భాగ్యం.

లక్కపిడతా, బార్బీ సంగతి. మా అమ్మ కొలువులో పడుకోబెడితే కళ్ళు మూసుకునే దొరసాని బొమ్మ ఒకటి ఉండేది. నాన్న మద్రాసు నుంచి తెచ్చారు. కింది మెట్టు పక్కన నేల మీద ఆవాలు మొలకెత్తించి పార్కు వేసేవాళ్ళం, ఆ పార్కులో బల్ల మీద ఆమె కూర్చునేది. దేవుళ్ళ మెట్టు మీద పెట్టకపోతే చాలు. వెంకటగిరి వోణీ వేసుకున్న పిల్ల పార్కుకు రాకూడదని ఎవరంటారు? మీ అత్తగారికి నా పేరు చెప్పి, ఒక్క ఏడు నేల మీద పార్కులో పెట్టి చూపించు.

పలక_బలపం, సెప్టెంబరు 8

ఢిల్లీలో శంకర్ బొమ్మల మ్యూజియం ఉంది కదా, అది మొదలైందే పరదేశపు బొమ్మతో. కార్టూనిస్టు శంకర్‌కు హంగరీ రాయబారి ఒక బొమ్మ ఇచ్చాడు. అక్కడి నుంచి ఆయన ఏ దేశం వెళితే ఆ దేశం బొమ్మలు తెస్తూ పోయారు. 1965లో మ్యూజియం అయింది. మా బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చూశాను. జపాన్ బొమ్మల ముందు, మన పెళ్ళి దుస్తుల జంటల ముందు పిల్లలు కదలలేదు. కలపకూడదంటే అంత పెద్ద సేకరణ ఉండేదే కాదు.

లక్కపిడత గారూ, పాత బార్బీలకు లోహపు దిద్దులు ఉంటే తీసెయ్యండి. 1960లలో వచ్చిన వాటికి ఆ దిద్దుల వల్ల చెవుల దగ్గర ప్లాస్టిక్ పచ్చబడిపోయేదని చదివాను. వోణీకి గుండుసూదులు గుచ్చి వదిలేసినా తుప్పు మరక పడుతుంది.

గిత్తలబండి (ఒంగోలు), సెప్టెంబరు 11

నేను గిత్తల బొమ్మలు మాత్రమే సేకరిస్తాను. రిటైరై ఆరేళ్ళు. చెక్కవి, మట్టివి, ఇత్తడివి, రాతివి కలిపి 47 ఉన్నాయి. చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కతో చేసిన చిన్న నంది కూడా ఉంది.

పెన్నగట్టు గారి ఎద్దుల బండి మాట చూశాను కాబట్టి నా మనసులో ఉన్నది రాస్తున్నాను. మనం కొనే బండి బొమ్మల్లో ఎద్దులకు పొడుగాటి, వంపు తిరిగిన కొమ్ములు పెడుతున్నారు. మా ఒంగోలు గిత్తకు కొమ్ములు పొట్టి. మొదట్లో లావుగా, మొండిగా ఉంటాయి. ఒళ్ళు తెలుపు. మగవాటికి తల, మెడ, మూపురం దగ్గర బూడిద నలుపు తిరుగుతుంది. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. మూపురం నిటారుగా, గంగడోలు మడతలు మడతలుగా వేలాడాలి. ఈ జాతినే బ్రెజిల్ తీసుకుపోయి కోట్లలో పెంచి, అక్కడ నెలోర్ అని పిలుస్తున్నారు. మన రెండు ఊళ్ళ పేర్లూ ఒకే పశువు మీద ఉన్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి సముద్రాల అవతల. అలాంటిది మన ఇళ్ళ కొలువుల్లో మన గిత్త కనపడదు. ఇది నన్ను చాలా ఏళ్ళుగా బాధపెడుతోంది.

అందుకే మూడేళ్ళ క్రితం కొండపల్లి వెళ్ళి, ఒక ఇంటి ముందు కూర్చుని, ఫోన్లో గిత్తల ఫొటోలు చూపించి అడిగాను. ముందు వాళ్ళు ఒప్పుకోలేదు. రోజూ చేసే నమూనా అయితే చెయ్యి దానంతట అదే పోతుంది, కొత్తదైతే ఆలోచించాలి, పని రెట్టింపు. నేను రెట్టింపు ఇస్తానన్నాను. ఆ ఇంటి పెద్దామె మూపురానికి మక్కు పెడుతూ, గంగడోలు మడతలకు వేలి గోటితో గీతలు గీసింది. ఆ గీతలు ఇప్పటికీ కనపడతాయి. నా 47లో నేను మొదట చూపించేది ఆ జతనే.

కాబట్టి అమ్మా, మీకు నా సలహా ఒక్కటే. దుకాణంలో ఉన్నది కొనడం మానేసి, మీకు కావలసింది చేయించుకోండి.

పెన్నగట్టు, సెప్టెంబరు 11

బాబాయ్, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. మా తాతకు కోవూరు దగ్గర పొలం ఉన్నప్పుడు ఒక జత ఉండేదట, వాటి పేర్లు చెప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

డోలు ఆయన్ని చేయించడం అనేది నాకు తట్టనే లేదు. కానీ మా సెట్టు మట్టిది. కొండపల్లి వాళ్ళు చెక్కతో చేస్తారు కదా. ముగ్గురు మట్టి బోయీల ముందు ఒక చెక్క డోలు ఆయన నిలబడితే బాగుంటుందా?

సన్నజాజి_కావలి, సెప్టెంబరు 12

నాకైతే ఒకే సెట్టులో మట్టి, చెక్క కలపడం ఇష్టం ఉండదు. మట్టి బొమ్మ ముఖంలో నునుపు ఉంటుంది, చెక్కలో కోత ఉంటుంది. పక్కపక్కన పెడితే ఇద్దరూ వేరే ఊళ్ళవాళ్ళలా ఉంటారు. కొండపల్లిలో పల్లకీ పెళ్ళి సెట్టు ఎప్పటి నుంచో చేస్తున్నారు, కావాలంటే అది మొత్తంగా కొని వేరే మెట్టు మీద పెట్టుకో.

వెలిగొండ_నీడ, సెప్టెంబరు 12

పెద్దమ్మ మాటతో నేను ఒప్పుకోలేను, క్షమించాలి. ఊరేగింపులో డోలు ఆయన ఏ ఊరి నుంచైనా వస్తాడు కదా. మా ఉదయగిరిలో పెళ్ళికి మేళం ఆత్మకూరు నుంచి వచ్చేది.

సన్నజాజి_కావలి, సెప్టెంబరు 12

అది నిజమే నాయనా. మా పెళ్ళికి మేళం ఒంగోలు నుంచి వచ్చింది.

ఉప్పుగాలి (కొత్తపట్నం), సెప్టెంబరు 14

నేను డ్రాయింగ్ మాస్టారిని. ఊళ్ళో విగ్రహాలకు రంగులు, విరిగిన బొమ్మలకు మరమ్మతు చేస్తుంటాను. సముద్రం పక్కన ఉండటం వల్ల తేమ బొమ్మలను ఏం చేస్తుందో రోజూ చూస్తాను.

ముందుగా, మిగిలిన 38కి మళ్ళీ రంగు వేయిద్దామని అనుకుంటున్నారేమో, దయచేసి ఆగండి. పాత రంగు మీద షాపు ఎనామిల్ పూస్తే బొమ్మ మెరుస్తుంది కానీ ముఖం మారిపోతుంది. కళ్ళు గీసిన చెయ్యి పోతుంది. రంగు లేస్తున్న చోట మాత్రమే పలచటి జిగురు సన్న కుంచెతో అద్ది అతికించాలి. తడిగుడ్డతో తుడవొద్దు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

డోలు ఆయన సంగతి. మట్టిలోనే చేద్దాం. నాదస్వరం ఆయన్ని నాలుగు వైపుల నుంచి, పక్కన స్కేలు పెట్టి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఫొటో తీయండి. డోలు ఆయన ముక్క ఏదైనా మిగిలి ఉంటే అది కూడా. తడి మట్టి ఆరినప్పుడు, కాల్చినప్పుడు ముడుచుకుంటుంది. అందుకే కావలసిన ఎత్తు కంటే పదింట ఒక వంతు పెద్దగా చెయ్యాలి. మా దగ్గర కుమ్మరి ఆవంలో (బట్టీలో) కుండలతో పాటు పెట్టిస్తాను. ఒకటి పగిలితే ఇంకొకటి ఉండేలా మూడు చేస్తాను. సంక్రాంతికి అందుతుంది. డబ్బు మాట తర్వాత.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినాలి. పాతదానిలాగా మాసిన రంగు వెయ్యమని అడగొద్దు. రంగులు అవే వేస్తాను, కొత్తగానే వేస్తాను. అడుగున ఏడాది రాస్తాను. మీ మనవరాలు తిప్పి చూసినప్పుడు ఏది అమ్మమ్మదో, ఏది మీదో తెలియాలి.

పెన్నగట్టు, సెప్టెంబరు 14

మాస్టారూ, డోలు ఆయన కుడి చెయ్యి, పుల్ల పట్టుకున్న చెయ్యి, నా దగ్గర ఉంది. కుంకుమ భరిణెలో పెట్టి దాచాను. రేపే ఫొటోలు పంపిస్తాను.

పలక_బలపం, సెప్టెంబరు 15

ఏడాది రాసే మాట వచ్చింది కాబట్టి. మా ఊరు పలకల ఊరని మీకు తెలుసు. ఇప్పుడు బళ్ళలో పలకలు తగ్గిపోయాయి కానీ రాయి ఉంది, కోసేవాళ్ళు ఉన్నారు. నేను రెండంగుళాల ముక్కలు కోయించి, ప్రతి బొమ్మ ముందు బలపంతో పేరు, ఎక్కడిది, ఏ ఏడు అని రాసి పెడుతున్నాను. పేరంటానికి వచ్చిన పిల్లలు చదువుకుంటూ మెట్టు మెట్టూ చూస్తారు. అక్కా, మీకు ఓ వంద ముక్కలు పంపిస్తాను. డోలు ఆయన వచ్చేదాకా ఆ ఖాళీలో కూడా ఒక పలక పెట్టండి, "డోలు, 2021 వరద" అని.

సన్నజాజి_కావలి, సెప్టెంబరు 15

పలకలు చాలా మంచి ఆలోచన. ఖాళీలో మాత్రం వద్దు. కొలువు మంగళప్రదమైనది, పోయినవాటి పేరు అక్కడ రాయకూడదు. ఒక నోటు పుస్తకం పెట్టి అందులో పోయిన 23 గురించీ గుర్తున్నంత రాసుకో. అమ్మ ఉండగానే రాసుకో.

లక్కపిడత, సెప్టెంబరు 28

అక్క వచ్చి వెళ్ళింది! మాడ వీధిలో మూడు గంటలు తిరిగాం. అక్క చీటీ, స్కేలు పట్టుకుని ప్రతి బొమ్మనూ కొలుస్తుంటే ఒక దుకాణం ముసలామె తన స్టూలు ఇచ్చి కూర్చోబెట్టింది. దివిటీ పట్టుకున్న ఇద్దరు దొరికారు, మట్టివే, జానెడు లోపే. ఒక తంజావూరు తలాడించే బొమ్మ దగ్గర అక్క పది నిమిషాలు నిలబడి, చీటీ చూసి, వదిలేసి వచ్చింది. నేనే కొనేశాను.

పెన్నగట్టు, సెప్టెంబరు 29

రెండే కొన్నాను. ఇంటికి వచ్చి 22లో పదమూడు తీసి పక్కన పెట్టాను. అవి మా పనిమనిషి వాళ్ళ వీధిలో పిల్లలు దసరాకు కొలువు పెట్టుకుంటామంటే ఇచ్చాను. ఇస్తున్నప్పుడు ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అప్పుడు తెలిసింది అమ్మ మాట.

తాటిచెట్టు బొమ్మకు రెండుసార్లు మందు ఎక్కించాక నల్ల కాగితం మీద పిండి ఆగింది. ఎద్దుల బండికి ఏమీ లేదు.

ఒక అనుమానం. పిల్లలు వంటిల్లు సెట్టు కావాలంటున్నారు. ఏటికొప్పాక లక్కపిడతలు తెప్పించనా, కర్ణాటక చన్నపట్నంవి తెప్పించనా?

వెలిగొండ_నీడ, సెప్టెంబరు 30

రెండింటి కర్రా ఒకటే, అంకుడు కర్ర. పని కూడా ఒకే తీరు. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఏటికొప్పాకలో పసుపు, నీలి, జాఫ్రా గింజల లాంటి చెట్ల రంగులు మళ్ళీ నిలబెట్టారు. ఆ కృషికే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే వయసైతే నేను అవే తీసుకుంటాను. వరాహ నది ఒడ్డున ఊరు, వీలైతే వెళ్ళి చూసి తెచ్చుకోండి.

గరిటెలు మాత్రం మా ఉదయగిరివి పెట్టాలి. నర్ది, బిక్కి, కలివి కర్రలతో చేసిన చిన్న గరిటెలు, ఫోర్కులు నేను పంపిస్తాను. మా దగ్గర ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు. కొలువులో మన జిల్లా వస్తువు ఒకటి ఉండాలి కదా అక్కా.

గిత్తలబండి, నవంబరు 3

వానలు మొదలయ్యాయి. మన దగ్గర పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, సరిగ్గా కొలువుకు ముందు. పెట్టెలు నేల మీద ఉంటే ఇప్పుడే అటక ఎక్కించండి. బొమ్మలను వార్తాపత్రికలో చుట్టొద్దు, సిరా అంటుతుంది. పాత నూలు చీర ముక్కలు మంచివి. ఎండిన వేపాకు, వస కొమ్ము గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టండి. నాఫ్తలిన్ ఉండలు ప్లాస్టిక్ బొమ్మలకు తగలనివ్వకండి. ఎండ కాసిన రోజు ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వాలి.

ఉప్పుగాలి, డిసెంబరు 19

మూడు చేస్తే ఒకటి ఆవంలో పగిలింది. ఒకటి కాస్త వంగింది. ఒకటి నిలబడింది. మీరు పంపిన చెయ్యి పక్కన పెట్టి చూశాను, వేళ్ళ పట్టు కలిసింది. రంగు ఆరాక పంపిస్తాను. పాత చెయ్యి కూడా అదే పెట్టెలో ఉంటుంది, జాగ్రత్తగా తీసుకోండి.

పెన్నగట్టు, జనవరి 16

అందరికీ కనుమ శుభాకాంక్షలు.

భోగి నాడు ఏడు మెట్లు వేశాం. బొమ్మలు 50. ఆరో మెట్టు మొత్తం ఊరేగింపుకే ఇచ్చాం. నాలుగో బోయీ ఇంకా లేడు. పల్లకీ ఒక పక్కకు వాలకుండా కింద చిన్న పుల్ల పెట్టాను, వచ్చే ఏడు మాస్టారిని అడుగుతాను. దివిటీలవాళ్ళు అటొకరు ఇటొకరు. డోలు ఆయన్ని పెద్దమ్మ చెప్పినట్టు ఈ ఏటికి కలశం పక్కన కూర్చోబెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "నాలుగేళ్ళుగా నాదస్వరం ఆయన ఒక్కడే ఊదుతున్నాడు, ఇంక ఆగలేడు" అని తీసుకెళ్ళి ఆయన పక్కనే నిలబెట్టింది. కలశం పక్కన దివిటీ ఆయన్ని కాసేపు కూర్చోబెట్టి పసుపు కుంకుమ పెట్టి మళ్ళీ దించాం.

డోలు ఆయన రంగు కొత్తగా మెరుస్తోంది. పంచె అంచు మరీ ఎర్రగా ఉంది. వచ్చినవాళ్ళందరూ ముందు ఆయన్నే చూశారు. ఎవరైనా అడిగితే అమ్మ వరద నుంచి మొదలుపెట్టి కొత్తపట్నం దాకా చెప్పింది. భోగిపళ్ళు పోసేటప్పుడు రెండు రేగుపళ్ళు డోలు మీద పడి చప్పుడైంది, పిల్లలు మళ్ళీ మళ్ళీ పోశారు.

పలకలు పెట్టాం. సెనగలు, తాంబూలం ఇస్తున్నంతసేపూ పిల్లలు వాటిని చదువుతూనే ఉన్నారు. నోటు పుస్తకంలో పోయిన వాటిలో పందొమ్మిది రాశాం. నాలుగు గుర్తు రావడం లేదు. రాత్రి పడుకునే ముందు ఒక్కోటి గుర్తొస్తుందని అమ్మ పుస్తకం దిండు కింద పెట్టుకుంటోంది.

రేపు కొలువు ఎత్తాలి. హారతి ఇచ్చి, బొమ్మల్ని పడుకోబెట్టి, చీర ముక్కల్లో చుట్టి అటక మీదికి.

ఉప్పుగాలి, జనవరి 16

చాలా సంతోషం అమ్మా. చుట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. నాదస్వరాన్నీ డోలునూ ఒకే గుడ్డలో చుట్టొద్దు. కొత్త రంగు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, పాతాయన పంచెకు అంటుకుంటుంది. ఈ ఒక్క ఏడు వేరు వేరు గుడ్డల్లో, పక్కపక్కనే పెట్టండి.